హిల్టీ పుట్టిన దేశంలో మూడు రోజులు

మా సైట్లలో కాంక్రీటుకి బెజ్జం పెట్టే మిషను ఏదైనా సరే, దాని పేరు హిల్టీయే. ఏ కంపెనీదో, ఎక్కడ అద్దెకు తెచ్చారో కుర్రాళ్ళకి పట్టదు. "ఆ కాలమ్ దగ్గర నాలుగు హిల్టీ కొట్టరా" అంటే డ్రిల్లు వేయమని. ఇరవై ఆరేళ్ళుగా విజయవాడ చుట్టుపక్కల ఆ మాట వింటూ, అంటూ బతికాను. ఒకరోజు రీబారింగ్‌కి, అంటే పాత కాంక్రీటులో కొత్త ఇనప కడ్డీలు అతికించడానికి, తెచ్చిన కెమికల్ ట్యూబు మీద చిన్నక్షరాలు చదువుతుంటే కంపెనీ అడ్రసు కనబడింది: షాన్, లిక్టెన్‌స్టెయిన్. జర్మనీలో ఊరేమో అనుకున్నాను. ఫోనులో వెతికితే అది ఊరు కాదు, దేశం.

అక్కణ్ణించి అదో పిచ్చి పట్టుకుంది. విస్తీర్ణం 160 చదరపు కిలోమీటర్లు. మన అమరావతి రాజధాని నగరానికి గీసిన హద్దే 217 చదరపు కిలోమీటర్లు కదా, ఈ దేశం దాంట్లో ఇమిడిపోయి ఇంకా చోటు మిగులుతుంది. జనం సుమారు నలభై వేలు. ఒకవైపు స్విట్జర్లాండు, ఇంకోవైపు ఆస్ట్రియా. సముద్రం లేదు, విమానాశ్రయం లేదు, సైన్యం లేదు. సముద్రం లేని దేశాలు చాలానే ఉన్నాయి గానీ దీని సంగతి వేరు. పక్కనున్న రెండు దేశాలకీ సముద్రం లేదు. ఇక్కడివాడు ఉప్పునీళ్ళు చూడాలంటే కనీసం రెండు సరిహద్దులు దాటాలి. ప్రపంచంలో ఇలాంటివి రెండే ఉన్నాయి, ఇదీ ఉజ్బెకిస్తానూ. పొద్దున బస్సెక్కితే టిఫిను వేళకి బందరు చేరే మనకి ఆ బాధ అర్థం కాదు.

మా తమ్ముడి కూతురు జ్యూరిక్‌లో ఉద్యోగం చేస్తోంది. "పెదనాన్నా, పెద్దమ్మని తీసుకుని రండి" అని మూడేళ్ళుగా పిలుస్తోంది. నిరుడు వేసవిలో సరేనన్నాను, ఒక్క షరతు మీద: లిక్టెన్‌స్టెయిన్‌లో మూడు రోజులు తిరగాలి. అది పకపకా నవ్వింది. "అక్కడ మూడు రోజులు ఏం చేస్తారు? టూరు బస్సులవాళ్ళు గంట ఆపి తీసుకుపోతారు."

ముందు వీసా సంగతి. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే నా డబ్బు పోయింది. మా బంధువొకాయన చెప్పిన ఏజెంటు దగ్గరికి వెళ్ళాను. కుర్చీలో వెనక్కి వాలి, "సార్, స్విట్జర్లాండుకి ఒక వీసా, లిక్టెన్‌స్టెయిన్‌ది వేరే దేశం కదా, దానికి వేరే పర్మిషను" అన్నాడు. మనిషికి నాలుగు వేలు అదనం. అంత ధీమాగా చెప్పేసరికి ఇచ్చేశాను. ఆ రాత్రి అమ్మాయికి ఫోన్ చేస్తే తల పట్టుకుంది. లిక్టెన్‌స్టెయిన్ 2011 డిసెంబరు నుంచి షెంజెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగనిచ్చే యూరప్ దేశాల జట్టులో, ఉంది. ఒకే వీసా. పైగా ఆ దేశానికి ఢిల్లీలో రాయబార కార్యాలయమే లేదు, వాళ్ళ తరఫున వీసా ఇచ్చేదీ స్విట్జర్లాండువాళ్ళే. ఎనిమిది వేలు తిరిగిస్తాడేమోనని రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ టీ మాత్రం ఇప్పించాడు.

తరవాతంతా మేమే చేసుకున్నాం. కష్టమేం కాదు, ఓపిక కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. వేసవి రద్దీలో స్లాట్లు దొరకవు కాబట్టి మేం మే నెలలోనే హైదరాబాదు కేంద్రంలో స్లాటు పట్టుకున్నాం. రాత్రి బస్సెక్కి పొద్దున దిగి, వేలిముద్రలిచ్చి, సాయంత్రం తిరుగు బస్సు. ఫీజు పెద్దవాళ్ళకి 90 యూరోలు, సర్వీసు చార్జీలు వేరే. ముప్పై వేల యూరోలకి తగ్గకుండా వైద్య బీమా. బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆదాయపు పన్ను రిటర్నులు, మా కంపెనీ ఇచ్చిన సెలవు ఉత్తరం, అమ్మాయి పంపిన ఆహ్వాన పత్రం, రోజువారీ ప్రోగ్రాం. ఆ చివరిదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఏ రాత్రి ఎక్కడ పడుకుంటామో తేదీలతో సహా రాసి, దానికి తగ్గ బుకింగులు జత చేశాను. ఇనప కడ్డీల కొలతలన్నీ వరసగా చూపే బారు బెండింగు షెడ్యూలు రాసిన చేతికి ఇదొక లెక్కా? మూడు వారాలకి పాస్‌పోర్టులు వచ్చాయి.

బస మాత్రం లిక్టెన్‌స్టెయిన్‌లో పెట్టలేదు. రాజధాని వాడుజ్‌లో హోటలు ధర చూసి మా ఆవిడ "ఆ డబ్బుతో ఇంటికి రంగులేయించుకోవచ్చండీ" అంది. ఫ్రాంకు మనకి వంద రూపాయల పైనే. రైన్ నదికి ఇవతల, స్విట్జర్లాండు వైపు బూక్స్ అనే ఊళ్ళో ఒక చిన్న గది తీసుకున్నాం. వెళ్ళాలనుకునేవాళ్ళు బూక్స్ గానీ, ఆస్ట్రియా వైపు ఫెల్డ్‌కిర్ష్ గానీ చూసుకోండి. రెండు చోట్ల నుంచీ ఆ దేశంలోకి బస్సులున్నాయి.

మొదటి రోజు జ్యూరిక్ నుంచి సార్గాన్స్‌కి రైలు, గంట ప్రయాణం. స్టేషను బయటే పదకొండో నంబరు బస్సు. సరిహద్దు ఎలా ఉంటుందోనని పాస్‌పోర్టులు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. బస్సు ఒక వంతెన ఎక్కింది, దిగింది. గుట్ట మీద ఒక కోట కనబడింది. ఫోనులో మ్యాపు చూస్తే అప్పటికే దేశం మారిపోయి బాల్జెర్స్ అనే ఊళ్ళో ఉన్నాం. ఆ కోట పేరు గూటెన్‌బెర్గ్. పోలీసు లేడు, గేటు లేదు, బోర్డు ఉందేమో నేను చూడలేదు. మన గరికపాడు చెక్‌పోస్టులో ఇంతకన్నా హడావుడి ఉంటుంది. 1923లో స్విట్జర్లాండుతో కస్టమ్స్ ఒప్పందం చేసుకున్నారు. మరుసటేడు నుంచీ ఈ రెండింటి మధ్య కస్టమ్స్ తనిఖీ లేదు, డబ్బూ స్విస్ ఫ్రాంకే. ఆస్ట్రియా వైపు మాత్రం కస్టమ్స్ చౌకీ ఉంది. దాన్ని చూసుకునేదీ స్విస్ ఉద్యోగులే. కాపలా కూడా పక్కింటివాడికే అప్పజెప్పారన్నమాట.

ఫోను మాత్రం సరిహద్దుని బాగా పట్టించుకుంటుంది. లిక్టెన్‌స్టెయిన్‌కి సొంత కోడు ఉంది, 423. యూరోపియన్ యూనియన్ సిమ్ములకి ఇక్కడ రోమింగ్ అదనపు ఖర్చు ఉండదు, పక్కనున్న స్విట్జర్లాండులో ఉండొచ్చు. స్విస్ సిమ్ముకి దీనికి తిరగబడి కావొచ్చు. నది ఒడ్డున నిలబడితే సిగ్నలు అటూ ఇటూ గెంతుతుంటుంది. కొనేముందు రెండు దేశాల పేర్లూ చెప్పి అడగండి.

వాడుజ్. మనం రాసేది ఇలా, బస్సులో ప్రకటించే గొంతు మాత్రం "ఫదుట్స్" అంటుంది. రాజధాని అంటే ఏదో ఊహించుకుంటాం కదా. ఉన్నదల్లా స్టెట్లె అనే ఒక వీధి, కార్లు రావు, నడుచుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరికి పది నిమిషాలు. నల్లటి పెట్టె లాంటి ఆర్టు మ్యూజియం, తపాలా బిళ్ళల మ్యూజియం, ఇటుకతో కట్టిన పార్లమెంటు. నేను ఎక్కువసేపు నిలబడింది ఈ పార్లమెంటు దగ్గరే. 2008లో కట్టారు. గోడా కప్పూ అంతా ఒకే ఇటుక, నిటారైన కప్పు కూడా ఇటుకే. జాయింట్లు ఎలా కలిపారో చూస్తూ ఉండిపోతే మా ఆవిడ బెంచీ మీద కూర్చుని తెచ్చుకున్న పులిహోర సగం తినేసింది. లోపల సభ్యులు ఇరవై అయిదుగురే. మన ఊరి మునిసిపల్ కౌన్సిలు అంతకన్నా పెద్దది.

టూరు బస్సులు ఆగేది ఈ వీధి దగ్గరే. దిగినవాళ్ళు పరుగున పర్యాటక కేంద్రంలోకి వెళ్ళి కొన్ని ఫ్రాంకులిచ్చి పాస్‌పోర్టులో ముద్ర వేయించుకుని, ఐస్‌క్రీము తిని ఎక్కేస్తారు. మా ఆవిడకీ ముద్ర కావాలి. నేనొద్దన్నాను. చిన్న యుద్ధమే జరిగింది. ఆ ముద్రకి చట్టపరంగా ఏ విలువా లేదు, అది జ్ఞాపకం కోసం. మన పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి అని అందులోనే రాసి ఉంటుంది. రేపు ఏ ఇమిగ్రేషను అధికారికో అనుమానం వస్తే సమాధానం చెప్పుకోవాల్సింది మనం. చివరికి తను ఒక పోస్టుకార్డు కొని దాని మీద వేయించుకుంది. ఇప్పుడది మా ఇంట్లో ఫ్రిజ్జు మీద ఉంది, పాస్‌పోర్టులో ఉంటే ఎవరు చూసేవారు అంటుంది.

ఈ దేశం ఎలా పుట్టిందో వింటే ఏ రియల్ ఎస్టేటు మనిషైనా చేతులెత్తి దండం పెడతాడు. లిక్టెన్‌స్టెయిన్ అనేది ముందు ఒక కుటుంబం పేరు. వాళ్ళ ఆస్తులన్నీ ఆస్ట్రియా, చెక్ ప్రాంతాల్లో. ఎంత ఆస్తి ఉన్నా అప్పటి పవిత్ర రోమన్ సామ్రాజ్య సభలో కూర్చోవాలంటే నేరుగా చక్రవర్తి కిందికి వచ్చే భూమి ఉండాలి. అందుకని 1699లో షెలెన్‌బెర్గ్, 1712లో వాడుజ్ కొన్నారు. 1719 జనవరి 23న చక్రవర్తి ఆరో చార్లెస్ ఆ రెండింటినీ కలిపి సంస్థానం చేసి, కొన్నవాళ్ళ పేరే పెట్టాడు. సీటు కోసం పొలం కొన్నారు, పొలం దేశమైంది. కొన్నాక దాన్ని చూడ్డానికి గద్దె మీదున్న రాజు రావడానికి 1842 దాకా పట్టింది. ఇక్కడే కాపురం పెట్టిన మొదటి రాజు రెండో ఫ్రాంజ్ జోసెఫ్, అదీ 1938లో.

రెండో రోజు నా రోజు. బూక్స్ నుంచి చిన్న రైలెక్కాం. ఆస్ట్రియా రైల్వేవాళ్ళది. ఈ దేశంలో తొమ్మిది కిలోమీటర్ల పట్టా ఉంది, అంతే. షాన్‌-వాడుజ్ దాటాక ఒక స్టేషను వస్తుంది, పేరు ఫోర్స్ట్ హిల్టీ. ప్లాట్‌ఫారం మీద ఆ బోర్డు చూసి నిజంగానే ఒళ్ళు జలదరించింది. మా ఆవిడ నన్నూ బోర్డునీ మార్చి మార్చి చూసి "దీనికోసమా ఏడువేల కిలోమీటర్లు" అంది. పది ఫోటోలు తీయించుకున్నాను. 1941లో మార్టిన్, ఆయ్‌గెన్ అనే అన్నదమ్ములు షాన్‌లో మొదలుపెట్టిన వర్క్‌షాపు అది. ఇవాళ ప్రపంచం మొత్తం మీద ముప్పై వేలకు పైగా మనుషులు పనిచేస్తున్నారు. దేశ జనాభాకి అది ఎంత దగ్గరో చూడండి. ఫ్యాక్టరీ లోపలికి మనలాంటివాళ్ళని రానివ్వరు, అడగనూ లేదు. గేటు బయట నిలబడి ఎర్ర రంగు చూసి వచ్చాను. గుళ్ళో దర్శనం కాకపోయినా గోపురం చూసొచ్చినట్టు.

ఇదే ఊళ్ళో కృత్రిమ దంతాల సామగ్రి చేసే పెద్ద కంపెనీ కూడా ఉంది. అసలు ఈ దేశంలో ఉద్యోగాలు దాదాపు జనాభా అంత ఉన్నాయి. పనివాళ్ళలో సగం మందికి పైగా పొద్దున స్విట్జర్లాండు నుంచీ ఆస్ట్రియా నుంచీ వచ్చి సాయంత్రం వెళ్ళిపోతారు. అయిదింటికి రోడ్డు మీద కార్ల బారు చూస్తే బెంజి సర్కిలు గుర్తొచ్చింది, హారను మోత లేదు గానీ. పనిచేయనిస్తారు, ఉండనివ్వడం మాత్రం కష్టం. యూరప్ ఆర్థిక ప్రాంతం పౌరులకి కూడా నివాస అనుమతుల్లో కొన్ని లాటరీ తీసి ఇస్తారు.

ఆ మధ్యాహ్నమే రైన్ నది మీది పాత చెక్క వంతెన దగ్గరికి నడిచాం. వాడుజ్‌కీ అవతల స్విస్ ఊరు సేవెలెన్‌కీ మధ్య, 135 మీటర్లు, 1901 నాటిది. మొత్తం చెక్కే, పైన ఇంటికి వేసినట్టు కప్పు. నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ మాత్రమే. మధ్యలో సరిహద్దు. ఒక కాలు ఇటు, ఒక కాలు అటు పెట్టి నిలబడ్డాను, అందరూ చేసే పనే. కప్పు ఎందుకు వేశారో తెలుసా? నీడ కోసం కాదు. వానా మంచూ చెక్కని తినేయకుండా. కప్పు పాడైతే మార్చుకోవచ్చు, దూలం పాడైతే వంతెనే పోతుంది.

కింద నది చూస్తే ప్రకాశం బ్యారేజీ చూసిన కళ్ళకి కాలవలా ఉంది. రెండు పక్కలా తిన్నగా, గీత గీసినట్టు కరకట్టలు. ఆ కట్టల మీద సైకిలు తొక్కుకుంటూ పోతున్నారు జనం. 1927 సెప్టెంబరులో షాన్ రైలు వంతెన దగ్గర ఈ కట్టకి గండి పడింది. దిగువ ఊళ్ళన్నీ మునిగిపోయాయి. మేం వెళ్ళడానికి ముందటేడు, 2024లో, సెప్టెంబరులోనే బుడమేరుకి గండ్లు పడి సింగ్ నగర్‌లో మా బావమరిది ఇంటి మొదటి అంతస్తు దాకా నీళ్ళొచ్చాయి. పడవలో పాల ప్యాకెట్లు పంచారు. ఆ వంతెన మీద నిలబడి మేమిద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. తరవాత మా ఆవిడే అంది, "వీళ్ళు మళ్ళీ పడనివ్వలేదు చూడండి."

సాయంత్రం ఇరవై ఒకటో నంబరు బస్సులో కొండెక్కి ట్రీసెన్‌బెర్గ్ వెళ్ళాం. అదే బస్సు సొరంగం దాటి 1,600 మీటర్ల ఎత్తున మాల్బున్ దాకా పోతుంది. చలికాలంలో అక్కడ మంచు ఆటలు. మేం వెళ్ళింది ఆగస్టు కాబట్టి గడ్డీ గంటలు కట్టిన ఆవులూ. దిగొచ్చాక తిండి. శాకాహారులకి ఇక్కడ దిక్కు కేస్‌క్నొప్ఫ్లె, అంటే పిండి ఉండల్ని ఉడికించి చీజులో కలిపి పైన వేయించిన ఉల్లిపాయలు వేస్తారు, పక్కన ఆపిల్ గుజ్జు. బావుంది, కానీ సగం తినేసరికి బరువెక్కింది. నాకు నచ్చింది రీబెల్. మొక్కజొన్న రవ్వని పాలూ నీళ్ళలో ఉడికించి, వెన్నలో పొడిపొడిగా వేయిస్తారు. ఒకప్పుడు పేదల తిండట. తాలింపు లేని మొక్కజొన్న ఉప్మా అనుకోండి. మా ఆవిడ సంచిలోంచి ఆవకాయ తీసింది. వడ్డించినావిడ వాసన చూసి కళ్ళు పెద్దవి చేసింది గానీ ఏమీ అనలేదు.

మూడో రోజు ఆగస్టు 15. కావాలనే ఆ తేదీకి పెట్టుకున్నాను. వాళ్ళ జాతీయ దినోత్సవమూ అదే. స్వాతంత్య్రం వచ్చిన రోజు కాదు. ఆ రోజు మేరీమాత పండగ, ఎలాగూ సెలవే. మర్నాడు, అంటే 16న, అప్పటి రాజు ఫ్రాంజ్ జోసెఫ్ పుట్టినరోజు. రెండూ కలిపి 1940 నుంచి ఈ రోజు ఖాయం చేశారు. జ్యూరిక్‌లో సెలవు లేదు కాబట్టి అమ్మాయి రాలేకపోయింది. మా ఆవిడ చొక్కాకి పెట్టుకునే మన జెండా బిళ్ళలు రెండు ఇంటి నుంచే తెచ్చింది.

వీధిలోంచి కోటకి నడక దారి, ఇరవై నిమిషాలు. మాకు ముప్పై అయిదు పట్టింది. కోటలో రాజకుటుంబం కాపురముంటుంది, సందర్శకులకి ప్రవేశం లేదు. పక్కనున్న పచ్చిక మీద సభ. గడ్డి మీద కూర్చున్నవాళ్ళు, పిల్లల్ని భుజాలకెత్తుకున్నవాళ్ళు, పట్టీల గౌన్లు వేసుకున్న ముసలమ్మలు. ఉపన్యాసాలు జర్మన్‌లో. రాజు రెండో హాన్స్ ఆడమ్ పేరుకి గద్దె మీద ఉన్నాడు గానీ 2004 నుంచి పనులన్నీ చూసేది కొడుకు అలోయిస్. పేరుకే రాజులనుకోవద్దు. సభ చేసిన చట్టాన్ని ఆపేసే అధికారం ఉంది. దాన్ని తగ్గిద్దామా అని 2012లో జనాన్ని అడిగితే నూటికి డెబ్భై ఆరుగురు వద్దన్నారు. మరోపక్క, పదకొండు ఊళ్ళలో ఏదైనా దేశంలోంచి విడిపోవాలనుకుంటే ఓటేసుకుని ఆ దారి పట్టొచ్చని రాజ్యాంగంలోనే ఉంది. ఆడవాళ్ళకి జాతీయ ఎన్నికల్లో ఓటు 1984లో వచ్చింది. మా పెళ్ళి నాటికి పదేళ్ళే అయింది. 2025 ఏప్రిల్లో మొదటిసారి ఒక మహిళ, బ్రిగిట్టె హాస్, ప్రధాని అయింది. మా ఆవిడ ఈ రెండు సంవత్సరాలూ పక్కపక్కన పెట్టి రెండుసార్లు చెప్పించుకుంది.

అప్పుడు జాతీయ గీతం మొదలైంది. అందరం లేచి నిలబడ్డాం. రెండో లైను కూడా కాలేదు, మా ఆవిడ నా మోచేయి పొడిచింది. నాకూ అర్థమైంది. ఆ బాణీ బ్రిటిష్ రాజుగారి పాటది. మాటలు వేరు, బాణీ అదే. ఆగస్టు పదిహేను పూట, గుండె మీద మూడు రంగుల బిళ్ళ పెట్టుకుని, ఆ పాటకి నిటారుగా నిలబడాల్సి వచ్చింది. మా తాతగారు చూస్తే ఏమనేవారో. నవ్వు ఆపుకోలేక తల వంచుకున్నాను. పక్కనున్న పెద్దాయన అది భక్తి అనుకున్నట్టున్నాడు, భుజం తట్టాడు. పాట అయ్యాక వచ్చీరాని ఇంగ్లీషులో మా బిళ్ళల గురించి అడిగాడు. మాదీ ఇవాళే అన్నాను. ఎంతమంది మీరు అన్నాడు. నూట నలభై కోట్లు పైమాట అన్నాను. ఆయన వేళ్ళ మీద సున్నాలు లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో వదిలేశాడు.

విజయవాడ వచ్చాక సోమవారం సైటుకి వెళ్ళి ఫోర్స్ట్ హిల్టీ స్టేషను ఫోటో కుర్రాళ్ళకి చూపించాను. డ్రిల్లింగు చేసే సుభాని ఫోను చేతిలోకి తీసుకుని, ఫోటో పెద్దది చేసి, బోర్డు అక్షరం అక్షరం చదివాడు. దేశం ఎంతుంటుంది సార్ అన్నాడు. అమరావతిలో పట్టేస్తుందన్నాను. కాసేపు ఆలోచించాడు.

"మరి అంత చిన్న దేశానికి డ్రిల్లు బిట్టు రేటు అంతెందుకు సార్?"